వాలు మీద బండి

తాళంచెవి తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చింది. అంతే. ప్రవీణ చెయ్యి వెనక్కి తీసుకుని, ఊపిరి పీల్చి, మళ్లీ తిప్పింది. మళ్లీ అదే చప్పుడు. ఇంజను కదలనైనా కదల్లేదు.

వ్యాను వెనక సీట్లో వహీదాబీ కళ్లు మూసుకుని కూర్చుంది. డయాలిసిస్ అయ్యాక ఆ రోజంతా ఆమె ఎవరితోనూ మాట్లాడదు. ఎడమ మోచేతి మీది దూదిపట్టీని కుడి బొటనవేలితో అదిమి పట్టుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుంటుంది. ఆమె పక్కన కోరుట్ల వాళ్లే ఇంకో ఇద్దరు రోగులు కిటికీ కమ్మీలకు తలలు ఆనించి ఉన్నారు. జగిత్యాల ఆసుపత్రి ముందు కాంక్రీటు ర్యాంపు ఎండకు తెల్లగా మెరుస్తోంది. దాని మీద బండి మూతి కిందికి, వెనక తలుపు ఆసుపత్రి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. రోగులు రెండడుగులు వేస్తే సీట్లో కూర్చునేట్టు ప్రవీణ ఎప్పుడూ అలాగే వెనక్కి ఎక్కించి పెడుతుంది.

“ఏంది, మల్ల ఆగిందా?” అంటూ గేటు దగ్గరి కాపలాదారు వచ్చాడు. అతని వెనకే ఆటోవాళ్లు ఇద్దరు ముగ్గురు.

“క్లచ్చి తొక్కుమనుండ్రి జెర,” అన్నాడొకడు.

“ఆడామె తిప్పితే గట్లనే ఉంటది. చోక్ గుంజిందేమో అడుగు.”

డీజిలు బండికి చోక్ ఎక్కడిదని అడగబోయి ప్రవీణ ఊరుకుంది. హెడ్‌లైట్లు వేసి చూసింది. ఎదురుగోడ మీద వెలుగు బలంగానే పడింది. లైట్లు అలాగే ఉంచి తాళంచెవి తిప్పింది. ‘టక్’మంది కానీ వెలుగు పిసరంతైనా తగ్గలేదు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. బ్యాటరీ నీరసపడితే లైట్లు కుంగాలి. కరెంటు స్టార్టరుకు చేరితే కూడా కొంతైనా కుంగాలి. ఇదేమిటి మరి?

“తోద్దాం పట్టుండ్రి!” అన్నాడు కాపలాదారు. నలుగురూ వెనక చేతులు వేశారు. ప్రవీణ హ్యాండ్‌బ్రేకు దించింది. బండి నెమ్మదిగా ర్యాంపు దిగింది. ముందు చక్రాలు చదును నేల మీదికి వచ్చాయి, ఆ వెంటే వెనకవి. సెకండ్ గేరు వేసి క్లచ్చి వదలాలని ఆమెకు తెలుసు. కానీ చెయ్యి గేరు మీదికి పోకముందే, అలవాటు కొద్దీ మరోసారి తాళంచెవి తిప్పింది.

ఇంజను గుర్రుమంటూ అందుకుంది.

“సూసినవా, మొగోడి చెయ్యి పడ్డది, లేసింది!” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ప్రవీణ కూడా మర్యాదకు తల ఊపి బండిని రోడ్డెక్కించింది. ఊరు దాటేదాకా ఆమె ఎడమచెయ్యి మాటిమాటికీ గేరు కర్రను తడుముతూనే ఉంది. గేరు పడలేదు. అది ఆమెకు స్పష్టంగా తెలుసు. గేరు పడకుండా బండిని ఎంత తోసినా ఇంజను తిరగదు. అంటే వాళ్లు తోస్తే స్టార్టు కాలేదు. తాళంచెవితోనే అయింది. పైన కానిది కింద ఎందుకైంది?

*

బండి యజమాని రాజన్నకు కోరుట్లలో మూడు బండ్లున్నాయి. ఇది అన్నిటికన్నా పాతది. ఆ సాయంత్రం అతను తన ఇంటిముందు వాకిట్లో డ్రైవరు సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పాడు. మొదటి తిప్పుకే లేచింది. ఆపాడు, తిప్పాడు. లేచింది. ఆపాడు, తిప్పాడు. లేచింది. ప్రతిసారీ ప్రవీణ ముఖంలోకి చూశాడు.

“నాతోని ఎట్ల స్టార్టయితున్నది మరి?”

“ఇక్కడ అయితదన్నా. గా దవాఖాన కాడ్నే అయితలేదు.”

“ఇన్నేండ్లల్ల నాతోని ఒక్కపారన్న మొరాయించిందా? నీకన్న ముందు నడిపిన కిష్టయ్య గూడ గిట్లనే అంటుండె. ఇక్కడ అయితది, గాడ అయితలేదు అని. తాళ్లెక్కి కల్లు గీసేటోళ్ల ఇంట్ల పుట్టినోడాయె. పొద్దుగాల్నే ముంత ఎత్తి, చెయ్యి వణుక్కుంట వచ్చి, నెపం బండి మీద పెట్టిండు. తీసేసిన. నువ్వు తాగవు, గది నాకు తెల్సు. కని నీకు చెయ్యి తిరుగలే.” అతను కోపంగా లేడు. లెక్క తేలిపోయినవాడిలా మాట్లాడాడు. “శుక్రారం జగిత్యాలకు నేనే నడుపుత. నువ్వు పక్కకు కూసో. పొద్దంత మంచిగ స్టార్టయిందనుకో, ఇగ నువ్వు వేరే పని సూసుకో. పేషెంట్లతోని ఆట గాదు గద.”

పేషెంట్లతో ఆట కాదన్నది ప్రవీణ మాట కూడా. కానీ ఇంటికి నడుస్తుంటే ఆమెను కుదిపింది ఉద్యోగం పోతుందన్న దిగులు ఒక్కటే కాదు. కిష్టయ్యకూ అక్కడే ఆగేదన్నమాట. అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. తాగుబోతు డ్రైవరు స్థానంలో వచ్చావని చెబితే అవునేమో అనుకుంది. తాగినవాడికీ, తాగని తనకూ ఒక్కచోటే ఎలా ఆగుతుంది?

*

మర్నాడు ఆమె బండిని హబీబుద్దీన్ షెడ్డుకు తీసుకుపోయింది. కోరుట్లలో పాత డీజిలు బండ్లన్నీ చివరికి చేరేది అక్కడికే. హబీబుద్దీన్ బానెట్ ఎత్తి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, బ్యాటరీ టెర్మినళ్లను గరుకు కాగితంతో రుద్దాడు. స్టార్టరు విప్పి బల్ల మీద పెట్టి బ్యాటరీ వైర్లు తగిలించాడు. అది జుయ్యిమని తిరిగి బల్ల మీదే ఎగిరింది. బిగించి, ప్రవీణను తిప్పమన్నాడు. లేచింది. మళ్లీ మళ్లీ లేచింది.

“డాక్టర్ తానకు పోంగనే పన్నునొప్పి తగ్గినట్టున్నది దీని కత,” అన్నాడు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. “నా ముంగట ఒక్కసారి ఆగితే పట్టుకుందును. కిష్టయ్య తెచ్చినప్పుడు గూడ గింతే. నాలుగు పార్లు తెచ్చిండు పాపం.”

“చాచా, ఆయన తాగి నడుపుతుండెనా?”

హబీబుద్దీన్ కళ్లద్దాలు కిందికి దించుకుని ఆమెను చూశాడు. “తాగుతడో తాగడో నాకెందుకమ్మా. ఎవలు తిప్పినా స్టార్టర్ తిరుగాలె గద. తాళంచెవికి వాసన తెలుస్తదా?”

ప్రవీణకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

“ఇది ఎక్కడెక్కడ ఆగుతదో అన్నీ ఎరుకైతే ఏమన్న అంతు దొరుకుతుండె. నీకు ఎరుకున్నది ఒక్క జగిత్యాలనే. కిష్టయ్యకు శానా ఎరుక. సిరిసిల్లల ఆటో నడుపుతుండట, ముస్తాబాద్ రూట్ల. కలుస్తవా?”

*

కలిసే వీలు దానంతట అదే వచ్చింది. గురువారం ఒక కోరుట్ల కుటుంబాన్ని పిల్లను చూడటానికి సిరిసిల్లకు తీసుకుపొమ్మని రాజన్న చెప్పాడు. వాళ్లు లోపలికి పోయి చాపల మీద కూర్చోగానే ప్రవీణ బండిని ఆటో అడ్డాకు తిప్పింది. మరమగ్గాల చప్పుడు వీధి పొడుగునా గోడల్లోంచి వినిపిస్తూనే ఉంది.

కిష్టయ్య బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. ఆటోలో సీట్లు నిండటం కోసం ఎదురుచూస్తూ అద్దం తుడుస్తున్నాడు. దూరం నుంచే బండిని గుర్తుపట్టాడు. ఆమె దిగి వస్తుంటే తుడవటం ఆపకుండానే అన్నాడు:

“రాజన్న పంపిండా?”

“లేదు కాకా. నేనే వచ్చిన. నీ తర్వాత నేను నడుపుతున్న. నాతోని గూడ ఆగుతున్నది.”

“ఆగనీ. ఆ బండి ముచ్చట నాకెందుకు బిడ్డ.”

అతను గుడ్డ పిండి, మళ్లీ తుడవటం మొదలుపెట్టాడు. అద్దం అప్పటికే మెరుస్తోంది. బతిమాలితే వినే మనిషి కాదని ఆ వీపు చూస్తేనే ప్రవీణకు తెలిసింది. అందుకని బతిమాలలేదు. తనకు తోచింది అడిగింది.

“దవాఖాన్ల బండి మూతి ఎటు దిక్కు పెడుతుంటివి?”

చెయ్యి ఆగింది.

“బయటి దిక్కు. ఎనుక డోరు దర్వాజ కాడికి రావాలె గద. వహీదాబీ నడువలేదు.”

“నేను గూడ గట్లనే పెడుత. తోసి చదునుకు తెచ్చినంక, గేరు వెయ్యకముందే తాళంచెవికి లేసింది.”

కిష్టయ్య పూర్తిగా ఆమె వైపు తిరిగాడు. “గేరు వెయ్యలేదా?”

“వెయ్యలే.”

“నేను ఎప్పుడు గేరేసే వదులుదు. తోపుడుకే లేస్తున్నదనుకుందు.” అతని చూపు ఆటోను దాటి, బండి దాటి ఎక్కడికో పోయింది. “బుగ్గారంల ఒక ఇంటి ముంగట ఆగింది. గాడ వాకిలి ఎత్తుల ఉంటది. చెరువుకట్ట దిగేకాడ ఒకపారి. పెట్రోల్ బంకుల ఎన్నడు ఆగలే. రాజన్న ఇంటికాడ ఎన్నడు ఆగలే...”

“రాజన్న దవాఖానకు వస్తే ఎక్కడ పెడుతుండె?”

“రోడ్డు మీద్నే. పేషెంట్లనే నడిపిచ్చుకుంట వస్తుండె.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కిష్టయ్య గుడ్డను భుజాన వేసుకుని పక్క ఆటోవాడిని కేకేశాడు: “నా సీట్లు నువ్వు ఎక్కిచ్చుకో! నేను ఇప్పుడే వస్త.”

అడ్డాకు కూతవేటు దూరంలో, మానేరు వాగు వైపు దిగే దారిలో ఒక వాలు ఉంది. కిష్టయ్య చెప్పిన చోట ప్రవీణ బండిని మూతి కిందికి పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగింది. అతను రెండు రాళ్లు తెచ్చి ముందు చక్రాలకు అడ్డం వేశాడు. ఇంజను ఆపింది. కాసేపు ఆగి తాళంచెవి తిప్పింది.

టక్.

కిష్టయ్య ముఖం వికసించింది. అన్ని నెలలూ తనను అవమానించిన ఆ చప్పుడును, తప్పిపోయి దొరికిన మేకపిల్ల అరుపు విన్నట్టు విన్నాడు. “మల్ల తిప్పు,” అన్నాడు. టక్. “మల్ల తిప్పు బిడ్డ!”

రాళ్లు తీసి చదునుకు దించారు. మొదటి తిప్పుకే లేచింది. వెనక్కి ఎక్కించి వాలు మీద పెట్టారు. టక్. ఇక అనుమానం లేదు.

బానెట్ ఎత్తారు. కిష్టయ్య ఇంజను మీద రెండు చేతులూ వేసి ముందుకూ వెనక్కూ ఊపాడు. అది కదలకూడనంత కదిలింది. కింద దాన్ని మోసే రబ్బరు దిమ్మ ఒకటి చిరిగిపోయి ఉంది. బండి ముందుకు వాలినప్పుడల్లా ఇంజను మొత్తం వేలెడంత ముందుకు జారుతోంది.

“జారితే జారింది. కరెంటు ఎందుకు ఆగుతది?” అన్నాడు.

ప్రవీణ వంగి చూసింది. ఇంజను నుంచి ఛాసిస్ చట్రానికి బొటనవేలంత లావు వైరు ఒకటి నల్లటి రబ్బరు తొడుగులో పోతోంది. ఇంజనుకు ఎర్త్ అందేది దాంతోనే. పైకి చెక్కుచెదరలేదు. ఆమె దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేళ్లతో ఒత్తుకుంటూ పోయింది. నడుమ ఒకచోట వేళ్లకు గట్టిదనం తగల్లేదు. గింజ లేని కాయలా మెత్తగా లోపలికి పోయింది.

“కాకా, ఇక్కడ పట్టి సూడు.”

అతను ఒత్తి చూశాడు. ఆటో దగ్గరికి పోయి, రెండు కొసలా క్లిప్పులున్న వైరు తెచ్చాడు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, మరో కొస ఇంజను ఇనుముకు కరిపించాడు. “తిప్పు.”

బండి ఇంకా వాలు మీదే ఉంది. మూతి ఇంకా కిందికే ఉంది. ఇంజను ఒక్క ఉదుటున అందుకుంది.

చదునున పెడితే తెగిన కొసలు తొడుగులో ఒకదానికొకటి ఆనుతున్నాయి. వాలు మీద పెడితే ఇంజను జారి వాటిని విడదీస్తోంది. లైట్లకు ఎర్త్ వేరే దారిలో అందుతోంది కనుక అవి వెలుగుతూనే ఉన్నాయి. ఇంతే సంగతి. ప్రవీణ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని నవ్వింది. రోగులను రోడ్డు దాకా నడిపించే రాజన్న చేతిలో ఎన్నడూ ఆగలేదు. బండిని గుమ్మం దాకా తెచ్చిన ఇద్దరి చేతిలోనే ఆగింది.

“వైరు ఇప్పుడే మార్చకు,” అన్నాడు కిష్టయ్య హఠాత్తుగా. “మార్చినంక పోయి చెప్తే నమ్ముతడా? రేపు ఆయననే నడుపనీ. ఆగనీ. అందరు సూడనీ.”

“వహీదమ్మ ఎండల కూసుంటది కాకా. గామెను పెట్టి ఆట ఆడను నేను.”

కిష్టయ్య ముఖం చిన్నబోయింది. కాసేపటికి క్లిప్పుల వైరు చుట్ట చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. “నిజమే. ఆమెను తిప్పలపెట్టొద్దు. ఇది నీ తాన ఉంచుకో. ముందు పోయి రాజన్నకు చెప్పు. వింటే మంచిదే.”

*

రాజన్న వినలేదు. శుక్రవారం పొద్దున ప్రవీణ బానెట్ ఎత్తి చూపించబోతే చేత్తోనే వారించాడు.

“కిష్టయ్యను కలిసినవా? వాడు చెప్పిండా గిదంత? వైరు మంచిగనే కనబడుతున్నది గద. ఏడ ఆగుతదన్నవ్, ర్యాంపు మీదనా? గాన్నే పెడుత. సూడు.”

అన్నట్టే జగిత్యాలలో బండిని వెనక్కి తిప్పి, ర్యాంపు మీదికి ఎక్కించి, తలుపును గుమ్మానికి ఆనించాడు. వహీదాబీ దిగుతూ అతని భుజం తట్టింది. “ఇయ్యాల నువ్వు గూడ దర్వాజ దాక తెచ్చినవ్ బేటా. ఎన్నడు తేకపోదువు. అల్లా మంచిగ చూడాలె నిన్ను.” రాజన్న తల ఊపాడు.

డయాలిసిస్ అయ్యేసరికి ఎండ ముదిరింది. ముగ్గురూ సీట్లలో కూర్చున్నారు. రాజన్న ప్రవీణ వైపు ఒకసారి చూసి, తాళంచెవి తిప్పాడు.

టక్.

మళ్లీ తిప్పాడు. క్లచ్చి తొక్కి తిప్పాడు. మెడ మీద చెమట పుట్టింది. కాపలాదారు పరుగున వచ్చాడు, ఆటోవాళ్లూ వచ్చారు. అందరూ మొన్నటివాళ్లే. ప్రవీణ వాళ్ల ముఖాలను ఒక్కొక్కటిగా చూసింది. ఈసారి ఎవరూ నవ్వడం లేదు.

“ఏందన్నా, బండి సతాయిస్తున్నదా?”

“పాతదైపాయె. దానికి మాత్రం ఎంతని చాతనైతది.”

“నువ్వు దిగన్నా, నీడకు కూసో. మేం తోస్తం.” ఒకడు నీళ్ల సీసా కూడా అందించాడు.

క్లచ్చి తొక్కుమని ఎవరూ చెప్పలేదు. తాగి ఉన్నాడేమోనని నోరు వాసన చూడటానికి ఎవరూ వంగలేదు. రాజన్న సీసా అందుకుని, మూత తియ్యకుండా పట్టుకుని కూర్చున్నాడు. అతనికీ ఆ మాటల్లోని తేడా వినిపించినట్టుంది. చుట్టూ ఉన్నవాళ్లను చూసి, పక్కనున్న ప్రవీణను చూసి, చూపు దించుకున్నాడు.

వెనక వహీదాబీ మూలిగింది. ప్రవీణ ఇక ఆగలేదు. దిగి బానెట్ ఎత్తి, ఒక క్లిప్పు బ్యాటరీకి, ఇంకోటి ఇంజనుకు కరిపించింది. “తిప్పు అన్నా.”

ఇంజను లేచింది.

“గదీ! రాజన్న చెయ్యంటే చెయ్యే!” అన్నాడు కాపలాదారు.

“నేనేం జెయ్యలే,” అన్నాడు రాజన్న. కానీ ఇంజను చప్పుడులో ఆ మాట అద్దం దాటి పోలేదు.

ఊరి చివర సామాన్ల దుకాణం ముందు వేపచెట్టు నీడలో బండి ఆపాడు. తనే దిగిపోయి కొత్త ఎర్త్ వైరు తెచ్చి ఆమెకు ఇచ్చాడు. ప్రవీణ స్పానరుతో పాతది విప్పి, కొత్తది బిగించింది. రబ్బరు దిమ్మ హబీబుద్దీన్ చాచా దగ్గర మార్పించాలని చెప్పింది. పాత వైరు తొడుగును బ్లేడుతో చీల్చి రాజన్నకు అందించింది. లోపల రాగి తీగలు పచ్చగా చిలుమెక్కి, నడుమ పుటుక్కున తెగి ఉన్నాయి. పచ్చటి పొడి అతని అరచేతిలోకి రాలింది. చాలాసేపు దాన్నే చూశాడు. ఆ తర్వాత డ్రైవరు సీటు ఆమెకు వదిలి పక్క సీట్లో కూర్చుని ఫోను తీశాడు.

“కిష్టయ్యా... నేను, రాజన్నను. ఎర్త్ వైరు తెగింది బండిది. నువ్వు తాగి గాదు. తప్పు బండిదే.”

ఫోనులో ఆటో గడగడ చప్పుడు. తర్వాత కిష్టయ్య గొంతు నిదానంగా వచ్చింది. బండి ఇంజను చప్పుడులో కూడా ప్రవీణకు వినబడింది.

“నాకెందుకు చెప్తున్నవ్ రాజన్నా. నేను తాగిన్నో లేదో నాకు ఎరుక లేదా? నువ్వు బస్టాండు హోటల్ కాడ నలుగురి ముంగట నన్ను తాగుబోతన్నవ్. చెప్తే గాడ చెప్పు.”

“నువ్వు మల్ల పనికి రారాదా...”

“నాకు ఇక్కడ మంచిగనే ఉన్నది. బండికి ఆ పిల్ల ఉన్నది. సీట్లు నిండినయ్, పోతున్న.”

కోరుట్ల వచ్చేదాకా తెగిన వైరు రాజన్న ఒళ్లోనే ఉంది. బస్టాండు ఎదుటి చాయ్ హోటల్ ముందు ఎప్పటిలాగే డ్రైవర్లు బల్లల మీద కూర్చుని ఉన్నారు. ప్రవీణ వేగం తగ్గించింది. ఆపమని అతను చెప్పలేదు, పొమ్మనీ చెప్పలేదు. ఆమె ఆపింది.

అతను తలుపు తీసి, వైరు చేత్తో పట్టుకుని దిగాడు. బల్లల వాళ్లు నవ్వుతూ జరిగి చోటిచ్చారు. అతను కూర్చోలేదు. నిలబడే ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. వైరు రెండు కొసలూ పట్టుకుని, దగ్గరికి తెచ్చి, దూరం జరిపి చూపించాడు. ఎవరో నవ్వారు. అతను తల అడ్డంగా ఊపి మళ్లీ చెప్పాడు. ఈసారి నవ్వు వినబడలేదు. చాయ్ గ్లాసులు బల్ల మీదికి దిగాయి. తలలు ఒక్కొక్కటే బండి వైపు తిరిగాయి.

“ఏం చెప్తుండు బిడ్డా?” వెనక నుంచి వహీదాబీ అడిగింది. డయాలిసిస్ అయ్యాక ఆమె నోరు విప్పడం ప్రవీణ వినటం ఇదే మొదటిసారి.

“ఇనబడుతలేదమ్మా,” అంది ప్రవీణ. ఇంజను ఆపేసి, కిటికీ అద్దం పూర్తిగా దించింది.